కాడి నుండి ఐదవ చక్రం దాకా

విజయదశమి నాటి సాయంకాలం ఆదోని నుండి గాని, ఆలూరు నుండి గాని హొళగుంద వైపు పోయే దారిలో ఏ చెట్టు కిందనో నిలబడి చూస్తే ట్రాక్టర్ల వరుస కనబడుతుంది. ప్రతి ట్రాక్టరు వెనుకా ఒక ట్రాలీ, ట్రాలీ నిండా జనం. అందరూ దేవరగట్టు కొండకు పోతున్నవారే. ఆ రాత్రి కొండమీద మాళమ్మ మల్లేశ్వరుల కల్యాణం జరుగుతుంది. తరువాత దివిటీల వెలుగులో, చేత కర్రలు పట్టిన ఊళ్లవారి నడుమ, ఉత్సవ విగ్రహాలు ఊరేగుతాయి. దానినే బన్ని ఉత్సవం అంటారు. ఆ ఉత్సవపు సంగతులు పత్రికలలో ఏటేటా వస్తూనే ఉంటాయి. మనం ఇక్కడ చూడవలసింది ఉత్సవాన్ని కాదు, జనాన్ని అక్కడికి చేర్చే ట్రాలీని. అంతకంటె ముఖ్యంగా, ట్రాలీని ట్రాక్టరుకు తగిలించిన ఆ ఒక్క పిన్నును.

ఆ పిన్ను అంగుళంపైచిలుకు లావుండే ఇనుప కడ్డీ ముక్క. రెండు బండ్లకూ మధ్య ఉన్న సంబంధమంతా అదే. లాగటం దాని ద్వారానే, తిప్పటం దాని ద్వారానే, ట్రాలీ ముందు భాగపు బరువు ట్రాక్టరుమీద పడటమూ దాని ద్వారానే. పిన్ను ఇరుసుకు ఎంత దూరంలో ఉండాలి? నేలకు ఎంత ఎత్తున ఉండాలి? దానిమీద ఎంత బరువు పడాలి? ఈ ప్రశ్నలు దేవరగట్టు దారిలో పుట్టినవి కావు. అమెరికాలో ఒక గృహస్థు కురచ తొట్టి ఉన్న పికప్పు మోటారుకు చక్రాల ఇంటిని తగిలించుకొని విహారయాత్రకు బయలుదేరబోతాడు. మొదటి మలుపులోనే ఆ ఇంటి మూల వచ్చి తన తల వెనుక అద్దానికి కొట్టుకొంటుందేమోనని అతని భయం. అతని చిక్కు, మన ట్రాక్టరు డ్రైవరు చిక్కు మూలంలో ఒక్కటే. వీరిద్దరికంటె ముందు ఆ చిక్కును ఎదుర్కొన్నవాడు ఎడ్లబండి తోలినవాడు. కాబట్టి కథ అక్కడి నుండే చెప్పుకోవాలి.

1800లో నిజాం ఈ ప్రాంతాన్ని ఈస్టిండియా కంపెనీకి దత్తం చేశాడు. 1807 వరకూ సర్ తామస్ మన్రో ఇక్కడ ప్రధాన కలెక్టరుగా ఉన్నాడు. ఆ కాలంలో దూరదేశపు సరుకు చాలావరకు బండ్లమీద గాక ఎద్దుల వీపుమీదనే నడిచేది. ఉప్పు, ధాన్యం గోతాలకెత్తి, ఎద్దుకు రెండు వైపులా వేసి, వందలకొద్ది ఎద్దులను ఒక బిడారుగా తోలుకొని పోయేవారు లంబాడీలు. ఆ బిడారుకే తండా అని పేరు. తరువాత వారు స్థిరపడిన పల్లెకూ ఆ పేరే నిలిచింది. దేవరగట్టు ఉత్సవంలో పాల్గొనే ఊళ్లలో నేరణికితో పాటు నేరణికి తండా కూడా ఉన్నదని చాలామందికి తెలుసు. ఆ ‘తండా’ అనే మాటలో ఇరుసు లేని రవాణా చరిత్ర దాగి ఉన్నదని తెలిసినవారు కొద్దిమందే.

ఎద్దు వీపుమీది బరువంతా ఎద్దు ఎముకలే మోయాలి. బండి వచ్చిన తరువాత ఆ బరువును ఇరుసు మోస్తుంది, ఎద్దు లాగితే చాలు. నల్లరేగడి నేలలో వానకాలం చక్రాలు దిగబడిపోయేవి గనుక బండికి బాట కావలసి వచ్చింది. 1871లో మద్రాసు రైల్వే మార్గం ఆదోని మీదుగా రాయచూరు చేరుకొన్నది. రైలు వస్తే బండ్లకు పని పోతుందని అనుకోవచ్చును గాని, పత్తి చేనుకూ ఆదోని స్టేషనుకూ నడుమ ఉన్న దూరం రైలుకు పట్టలేదు. ఆ దూరాన్ని ఎడ్లబండే నడిచింది. ఆదోని పత్తి మార్కెట్టుకు పేరు వచ్చిందంటే అందులో కొంత పాలు బండి ఇరుసుకు చెందవలెను.

ఇప్పుడు ఆ బండిని కొంచెం నిదానంగా చూద్దాం. రెండు చక్రాలు, ఒక ఇరుసు, ఇరుసుమీద తొట్టి, తొట్టి నుండి ముందుకు చాచిన నొగలు, నొగల కొసన కాడి, కాడి కింద రెండు మెడలు. బండికి మూడవ ఆధారం ఎద్దుల మెడలే. ఎద్దులను విప్పితే బండి తానై నిలబడదు, ముక్కు నేలకు ఆనించవలసిందే. ఈ మాట జ్ఞాపకం పెట్టుకోండి, తరువాత కావలసి వస్తుంది.

బరువు సరిగా ఇరుసు మీదనే ఉంటే మెడమీద ఏమీ పడదు. అది మంచిదే కదా అనిపించవచ్చును. కాని చక్రం ఒక రాయి ఎక్కగానే బండి వెనక్కు తూగుతుంది, కాడి పైకి లేస్తుంది, మెడకింది తాడు ఎద్దు గొంతుకను బిగిస్తుంది. అందుకని బండివాడు బరువును ఇరుసుకు రవంత ముందుకు సర్దుతాడు. ఆ ‘రవంత’ ఎంతో లెక్క కట్టవచ్చును. బండి, సరుకు కలిసి 1,000 కిలోలు అనుకొందాం. వాటి గరిమనాభి ఇరుసుకు 3 అంగుళాలు ముందున్నది. ఇరుసు నుండి కాడికి దూరం 10 అడుగులు, అనగా 120 అంగుళాలు. మీట సూత్రాన్ని బట్టి కాడిమీద పడే బరువు 1,000ని 3తో హెచ్చించి 120తో భాగిస్తే వస్తుంది. అది 25 కిలోలు. రెండు మెడలకు పంచితే ఒక్కొక్కదానికి పన్నెండున్నర. సరుకును మరి మూడంగుళాలు ముందుకు జరిపితే అది ఇంతకింత అవుతుంది.

ఇంతవరకు మట్టసమైన నేల. పత్తి, గడ్డి వంటి తేలికైన సరుకును ఎత్తుగా వేస్తారు గనుక గరిమనాభి ఇరుసుకు పైన 3 అడుగుల ఎత్తున ఉంటుందనుకొందాం. 12 అడుగులకు 1 అడుగు చొప్పున దిగే పల్లంలో బండి దిగుతున్నది. అప్పుడు గరిమనాభి నుండి గీసిన నిట్టనిలువు గీత మరి 3 అంగుళాలు ముందుకు పోతుంది. మెడమీద 25 కిలోలు కాస్తా 50 అవుతాయి. అదే ఎత్తు ఎక్కేటప్పుడు మూడంగుళాలు వెనక్కు వస్తుంది, మెడమీద బరువు సున్న. ఎత్తు ఇంకా నిటారుగా ఉంటే కాడి లేస్తుంది. ఎత్తు ఎక్కేచోట బండివాడు తానే ముందుకు జరిగి నొగలమీద కూర్చోవటం, పల్లంలో వెనక్కు జరగటం మన పెద్దలు చూసే ఉంటారు. ఏ పాఠశాలలోను చదువుకోని శాస్త్రం అది. తన శరీరాన్నే తూకపు రాయిగా వాడుకొన్నాడు.

బెంగుళూరులోని ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మేనేజిమెంటుకు డైరెక్టరుగా పనిచేసిన ఎన్. ఎస్. రామస్వామి 1970ల నుండి ఎడ్లబండ్లను బాగుచేయవలెనని ఊరూరా చెప్పారు. ఎద్దు మెడమీది అనవసరపు బరువు, పుండ్లు ఆయన ఎత్తి చూపిన వాటిలో ముఖ్యమైనవి. రబ్బరు టైర్ల బండి వచ్చిన తరువాత లాగుడు తేలికైనది గాని, తేలికైనది కదా అని సరుకు ఎక్కువ వేయటమూ వచ్చింది. ఏ యంత్రానికైనా ఇదే గతి.

ఇక మలుపు సంగతి. రెండు చక్రాల బండికి మలుపు కష్టం కాదు. చక్రాలు ఇరుసుమీద దేనికది తిరుగుతాయి గనుక లోపలి చక్రం నెమ్మదిగా, బయటి చక్రం వేగంగా తిరిగితే సరిపోతుంది. నాలుగు చక్రాలు పెట్టగానే చిక్కు మొదలవుతుంది. ఎమ్మిగనూరులో జనవరి మాసంలో జరిగే నీలకంఠేశ్వర స్వామి రథోత్సవాన్ని చూడండి. రథానికి ఇరుసులు కదలకుండా బిగించి ఉంటాయి, తిప్పే సాధనం లేదు. వేల చేతులు మోకు పట్టి లాగుతుంటే, చక్రాల పక్కనే నడిచే మనుషులు చెక్క మొద్దులను చక్రాల కిందికి తోసి రథాన్ని ఒక పక్కకు జారేటట్లు చేస్తారు. ఒళ్లు గగుర్పొడిచే పని. రథంతో ఏ క్షణమున ఎటు తూగుతుందో చూసుకొంటూ మొద్దు వేసి, చెయ్యి వెనక్కు తీసుకోవాలి. నాలుగు చక్రాల బండిని తిప్పటం ఎంత కష్టమో దీనికంటె బాగా చెప్పే ఉదాహరణ లేదు.

ఐరోపాలో గుర్రపుబండ్లు చేసేవారు దీనికి ఒక ఉపాయం పట్టారు. ముందు ఇరుసును బండికి కదలకుండా బిగించక, నడుమ ఒక్క నిలువు శీల మీద తిరిగేటట్లు అమర్చారు. శీల ఒక్కటే అంత బరువును మోయలేదు గనుక, ఇరుసుకూ తొట్టికీ నడుమ ఒక ఇనుప వలయాన్ని చక్రంలాగా పడుకోబెట్టారు. బరువు ఆ వలయంమీద ఆనుతుంది, ఇరుసు దాని కింద తిరుగుతుంది. నేలమీద దొర్లే చక్రాలు నాలుగు, పడుకొన్న చక్రం ఒకటి. అందుచేత దానికి ఐదవ చక్రం అని పేరు వచ్చింది. ఈ వస్తువును చూడటానికి ఐరోపా పోనక్కరలేదు. ఏదైనా మార్కెట్టు యార్డులో నాలుగు చక్రాల ట్రాలీ నిలిచి ఉంటే ముందు భాగాన వంగి చూడండి. గ్రీజు పూసిన ఆ ఇనుప వలయం కనబడుతుంది.

ఈ ఉపాయంలో ఒక లోపం ఉన్నది. ముందు ఇరుసు పూర్తిగా పక్కకు తిరిగినప్పుడు బండి నాలుగు మూలల మీద నిలిచినట్లు కాక, దాదాపు మూడు మూలల మీద నిలిచినట్లవుతుంది. మూడు కాళ్ల పీట మూలమీద బరువు వేస్తే ఏమవుతుందో అదే అవుతుంది. పరిణామవాది చార్లెస్ డార్విన్ తాత ఎరాస్మస్ డార్విన్ వైద్యుడు. రోగులను చూడటానికి బండిలోనే తిరిగేవాడు. బండి బోర్లాపడే ఈ బెడద పడలేక, ఇరుసును కదలనీయకుండా చక్రాలను మాత్రమే తిప్పే పద్ధతిని 1758 ప్రాంతంలోనే ఆలోచించాడు. 1817 ప్రాంతంలో మ్యూనిక్ నగరపు బండ్ల తయారీదారు లాంకెన్‌స్పెర్గర్ దానినే మళ్లీ కనిపెట్టాడు. 1818లో ఆయన తరఫున లండనులో పేటెంటు తీసుకొన్న ప్రతినిధి పేరు ఆకర్‌మన్. ఈనాడు మోటారు కార్లన్నీ ఆ పద్ధతినే తిరుగుతాయి. పేరు మాత్రం ప్రతినిధికే దక్కింది.

కార్లు ఐదవ చక్రాన్ని వదిలివేశాయి. వదిలిన దానిని లారీలు అందుకొన్నాయి.

1910ల నాటికి అమెరికా పట్టణాలలో సరుకు బండ్లు, మంటలార్పే బండ్లు గుర్రాలతోనే నడుస్తున్నాయి. గుర్రాలను తీసి మోటారు పెడదామంటే మంచి బండ్లన్నీ పారవేయవలసి వస్తుంది. మసాచుసెట్స్ రాష్ట్రంలోని స్ప్రింగ్‌ఫీల్డులో నాక్స్ అనే మోటారు కంపెనీ ఉండేది. అక్కడ చార్లెస్ మార్టిన్ ఒక చిన్న మోటారు ట్రాక్టరు వెనుక ఇరుసుమీద, దానికని వేసిన స్ప్రింగులపైన, ఐదవ చక్రాన్ని అమర్చాడు. పాత బండి ముందు భాగాన్ని తీసివేసి, దాని ముక్కును తెచ్చి ఈ చక్రంమీద పెట్టేవారు. బరువు ట్రాక్టరు చట్రంమీద కాక సూటిగా వెనుక ఇరుసుమీద పడేది. ఆ ఇరుసు చక్రాలే బండిని లాగేవి. బరువు పడినకొద్దీ వాటికి నేలమీద పట్టు పెరిగేది. అనగా మోయవలసిన భారమే లాగటానికి సాయపడింది.

డిట్రాయిట్ కమ్మరి ఆగస్ట్ ఫ్రూహాఫ్ కథ ఇంకా సరళమైనది. 1914లో సిబ్లీ అనే కలప వర్తకుడు తన పడవను ఫోర్డు కారు వెనుక లాగుకొని పోవటానికి ఏదైనా చేసిపెట్టమని అడిగాడు. ఫ్రూహాఫ్ రెండు చక్రాల బండి ఒకటి చేసి, దాని ముక్కును కారు చట్రంమీద ఆనించాడు. అది ఎంత బాగా పనిచేసిందంటే వర్తకుడు కలప లాగటానికీ అటువంటివే చేయించుకొన్నాడు. ఫ్రూహాఫ్ దానికి ‘సెమీ ట్రైలరు’ అని పేరు పెట్టాడు. సెమీ అంటే సగం. బరువులో సగం పాలు తన చక్రాలమీద, మిగిలినది లాగే బండిమీద. 1918లో ఆయన కంపెనీ స్థాపించాడు. ఈనాడు మన జాతీయ రహదారులమీద కంటెయినర్లు మోసుకుపోయే పొడుగు లారీలు ఆ వంశంలోనివే.

ఇందాక జ్ఞాపకం పెట్టుకోమన్న మాట ఇక్కడ కలుపుకోండి. వెనుక రెండు చక్రాలు, ముందు ఆధారం లాగే ప్రాణి మెడ. విప్పితే తానై నిలవదు. మన ఎడ్లబండి పుట్టుకతోనే సెమీ ట్రైలరు. ఫ్రూహాఫ్, మార్టిన్ చేసిన పని ఎద్దు మెడ ఉన్నచోట ఒక ఇరుసును పెట్టటం. మెడమీద 25 కిలోలే ఎక్కువ, ఇరుసుమీద టన్నులు పెట్టినా అది నొచ్చుకోదు. తేడా అంతా అక్కడే.

ఆ తరువాత వలయం పోయి పలక వచ్చింది. నడుమ చీలిక ఉన్న ఇనుప పలక, చీలికలో దవడలు. ట్రైలరు అడుగున వేలాడే రెండంగుళాల లావు శీల ఆ దవడలలో చిక్కుకొంటుంది. ఆకారంలో చక్రం లేదు, పేరు మాత్రం నిలిచింది. విమానాలు నడిపి, నిర్మించి ప్రసిద్ధి పొందిన గ్లెన్ కర్టిస్ ఒక్కడు పేరును సార్థకం చేశాడనవచ్చును. 1920ల చివర ఆయన ఫ్లారిడాలో ‘ఏరోకార్’ అనే చక్రాల ఇంటిని తయారు చేయించాడు. కారు వెనుక భాగాన గాలి నింపిన విమానపు టైరును అడ్డంగా పడుకోబెట్టి, ట్రైలరు శీలను ఆ టైరు నడుమ దింపాడు. కుదుపులన్నీ టైరే మింగేది. అది నిజంగా ఐదవ చక్రమే.

1925లో ఫోర్డు కంపెనీ చిన్న కారు వెనుక తొట్టి బిగించి అమ్మటం మొదలుపెట్టింది. అదే ఫ్యాక్టరీ నుండి వచ్చిన మొదటి ఫోర్డు పికప్పు. కాలక్రమాన పికప్పులు బలిసి, 1970 ప్రాంతాలకు తొట్టి నడుమ, సరిగా వెనుక ఇరుసుపైన, ఐదవ చక్రం బిగించి చక్రాల ఇళ్లను లాగటం వాడుకలోకి వచ్చింది. అమెరికాలో ఉంటున్న మన తెలుగువారు సెలవుల కాలంలో అటువంటి ఇళ్లను బాటలమీద తరచు చూస్తుంటారు. ఆనాటి పికప్పు తొట్టి పొడవు 8 అడుగులు. ముందు గదిలో ఇద్దరో ముగ్గురో కూర్చునేవారు. తరువాత కుటుంబమంతా కూర్చోవాలని నాలుగు తలుపుల గదులు వచ్చాయి. బండి మొత్తం పొడవును ఇష్టం వచ్చినట్లు పెంచలేరు గనుక గది పెరిగిన మేరకు తొట్టి తరిగింది. ఆరున్నర అడుగులు, కొన్నిటికి అయిదున్నర అడుగులే మిగిలాయి. చిక్కు అక్కడ వచ్చింది.

దీనిని విద్యార్థులు కాగితంమీద గీసి చూడవలెను. ముందు కంటెయినరు లారీని తీసుకొందాం. కంటెయినరు వెడల్పు 8 అడుగులు, అందులో సగం 4. శీల ట్రైలరు ముందు అంచుకు 3 అడుగులు వెనుక ఉన్నదనుకొందాం. శీల నుండి ముందు మూలకు దూరం ఎంత? భుజాలు 3, 4 అయిన లంబకోణ త్రిభుజంలో కర్ణం 5. బండి మలుపు తిరిగేటప్పుడు ఆ మూల 5 అడుగుల వ్యాసార్ధంతో వృత్తం గీస్తుంది. కాబట్టి శీలకూ డ్రైవరు గది వెనుక గోడకూ నడుమ 5 అడుగులకంటె ఎక్కువ దూరం ఉండి తీరవలెను. లారీలో ఆ చోటు ఉంచే కడతారు.

కురచ తొట్టి పికప్పులో వెనుక ఇరుసు నుండి గది గోడకు సుమారు 40 అంగుళాలే ఉంటుంది. శీల ఇరుసుమీదనే ఉన్నదనుకొందాం. చక్రాల ఇంటి వెడల్పు 8 అడుగులు. శీలను సరిగ్గా దాని ముందు అంచుననే పెట్టినా, లంబకోణంగా తిరిగినప్పుడు దాని పక్కగోడ శీలకు ముందు 48 అంగుళాల దాకా వస్తుంది. ఉన్నది 40. ఎనిమిదంగుళాల మేర ఇల్లు గదిలోకి రావాలి! నిండు తొట్టి పికప్పులో ఆ దూరం 55 అంగుళాలు దాటుతుంది గనుక ఈ బాధ లేదు.

శీలను వెనక్కు జరిపితే సరిపోదా? మలుపుకు సరిపోతుంది, తూకానికి సరిపోదు. శీలమీద పడే బరువు 900 కిలోలు, పికప్పు రెండు ఇరుసులకూ నడుమ దూరం 12 అడుగులు అనుకొందాం. శీల వెనుక ఇరుసుకు 1 అడుగు వెనుక ఉంటే, ముందు చక్రాలమీద నుండి 75 కిలోలు లేచిపోతాయి, వెనుక ఇరుసుమీద 975 పడతాయి. ముందు చక్రాలే కదా దారి తిప్పేవి. అవి తేలికైతే చేతిచక్రం మాట వినవు. అంతకుమించిన ప్రమాదం ఊగిసలాట. ట్రైలరు గాలికి పక్కకు తోసుకొన్నప్పుడు, శీల ఇరుసుపైననే ఉంటే ఆ తోపు ఇరుసుమీద పడి ఊరుకొంటుంది. వెనుక ఉంటే ఆ దూరమే మీటగా మారి పికప్పును మెలితిప్పుతుంది. బంపరుకు తగిలించే మామూలు ట్రైలర్లలో ఈ మీట నాలుగైదడుగులు ఉంటుంది. ఐదవ చక్రపు గొప్పతనమంతా ఆ మీటను తీసివేయటంలోనే ఉన్నది.

అందుచేత జారే అమరిక ఒకటి చేశారు. పెద్ద బాటలో పోయేటప్పుడు శీల ఇరుసుమీదనో, రవంత ముందో ఉంటుంది. ఇరుకు సందులో వెనక్కు మళ్లేటప్పుడు ఒక మీట లాగి ఐదవ చక్రాన్ని పది పన్నెండంగుళాలు వెనక్కు జరుపుకొంటారు. కొన్నిటిలో మలుపును బట్టి అదే జరుగుతుంది. ఇంటి ముందు మూలలను చెక్కి గుండ్రంగా కట్టటం మరొక ఉపాయం. ఎత్తు ఎక్కేచోట నొగలమీదికి, పల్లంలో వెనక్కు జరిగిన మన బండివాడు చేసినది ఈ జారుడు పనే. నా ఉద్దేశంలో అతనిది ఒక మెట్టు పైది. అతడు బండి నడుస్తుండగానే చేసేవాడు.

ఇప్పుడు మన ట్రాలీ దగ్గరకు వద్దాం. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 దాకా బళ్లారి జిల్లాలో ఉండి, ఆంధ్ర రాష్ట్రం ఏర్పడినప్పుడు కర్నూలు జిల్లాలో కలిశాయి. తుంగభద్ర దిగువ కాలువ నీరు ఈ ప్రాంతానికి వచ్చింది. 1959లో ఐషర్ కంపెనీ ఫరీదాబాదులో ట్రాక్టర్లు చేయనారంభించింది. 1960లో మద్రాసులో టాఫే కంపెనీ వెలసింది. దున్నటానికని కొన్న ట్రాక్టరు ఏడాదిలో ఎక్కువ రోజులు ట్రాలీయే లాగుతుందని ఏ రైతునడిగినా చెబుతాడు.

ట్రాక్టరుకు ఒక చెడ్డ గుణం ఉన్నది. 1917లో ఫోర్డ్‌సన్ ట్రాక్టరు వచ్చిన కొత్తలో, వెనుక నాగలి రాతికి తట్టుకొంటే ముందు చక్రాలు గాలిలోకి లేచి, యంత్రం వెనక్కు తిరగబడి నడిపేవానిమీద పడేది. ఎందరో చనిపోయారు. కారణం లెక్కలో ఉన్నది. 1,800 కిలోల ట్రాక్టరు ముందు చక్రాలమీద 600 కిలోలు, ఇరుసుల నడుమ 6 అడుగులు ఉన్నవనుకొందాం. ముందు భాగాన్ని నేలకు అదిమిపెట్టే భ్రామకం 3,600. పిన్ను నేలకు ఒకటింబాతిక అడుగు ఎత్తున ఉండి, లాగుడు 1,000 కిలోలైతే లేపే భ్రామకం 1,250 మాత్రమే. అదే పిన్నును 3 అడుగుల ఎత్తున తగిలిస్తే 3,000. ఇక ఒక ఎత్తు వచ్చినా చాలు, చక్రాలు లేస్తాయి. అందుకనే పిన్నును వెనుక ఇరుసు మట్టానికి కిందనే పెట్టవలెనని నియమం. పికప్పులో ఐదవ చక్రం నాలుగడుగుల ఎత్తున ఉన్నా ఏమీ కాదేమని అడగవచ్చును. ఆ బండి బరువూ పొడవూ ఎక్కువ, దానిముందు లాగుడు తక్కువ.

బండి కదలటానికి పిన్ను చాలు. ఆపటమే చిక్కు. అమెరికాలోని చక్రాల ఇళ్లకు తమ బ్రేకులు తమకు ఉంటాయి. పికప్పు పెడలు తొక్కగానే అవీ పడతాయి. మన ట్రాలీలలో చాలావాటికి బ్రేకులు లేవు. కొండ దిగేటప్పుడు ట్రాక్టరు ఆగబోతే ట్రాలీ వెనుక నుండి తోస్తుంది. దారి వంపుగా ఉంటే ఆ తోపు పక్కకు పడి, రెండూ చాకు మడిచినట్లు మడుచుకొంటాయి. పైగా ట్రాక్టరుకు బ్రేకు పెడళ్లు రెండు, కుడి చక్రానికి ఒకటి, ఎడమ చక్రానికి ఒకటి. పొలంలో మడి చివర చురుకుగా తిరగటానికి అవి విడివిడిగా కావలెను. బాట ఎక్కేముందు రెండింటినీ గొళ్లెంతో కలపవలెను. కలపటం మరచి ఒక్కటే తొక్కితే ఏమవుతుందో వేరే చెప్పనక్కరలేదు.

ట్రాలీలో ధాన్యం బస్తాలకు బదులు మనుషులు నిలబడితే లెక్క మారిపోతుంది. ట్రాలీ అడుగు పలక నేలకు మూడున్నర అడుగుల ఎత్తున, చక్రాల నడుమ వెడల్పు 5 అడుగులు ఉన్నవనుకొందాం. రెండడుగుల ఎత్తున పరచిన బస్తాల గరిమనాభి పలకకు 1 అడుగు పైన, నేలకు నాలుగున్నర అడుగుల ఎత్తున ఉంటుంది. నిలబడిన మనుషులకు అది పలకకు 3 అడుగుల పైన, నేలకు ఆరున్నర. ట్రాలీ సొంత బరువును వదిలిపెట్టి చూస్తే, బస్తాల ట్రాలీ 29 డిగ్రీలు ఒరిగితే గాని పడదు. మనుషుల ట్రాలీ 21 డిగ్రీలకే పడుతుంది. బస్తాలు వేసినచోటనే ఉంటాయి. మనుషులు వంపు వచ్చినప్పుడు అందరూ ఒక్కసారిగా ఒకే పక్కకు తూలుతారు. 1988 నాటి మోటారు వాహనాల చట్టం సరుకు బండిలో ప్రయాణికులను ఎక్కించరాదన్నది ఊరకే కాదు. రాత్రి తిరుగు ప్రయాణంలో, నిద్రమత్తులో ఉన్న పిల్లలను ఒడిలో పెట్టుకొని ట్రాలీ అంచున కూర్చున్న తల్లులకు ఈ రెండు కోణాలూ ఎవరైనా చెప్పి ఉంటారా అని నాకు ప్రతిసారీ అనిపిస్తుంది.

ఉపాధ్యాయులు దీనిని తరగతిలో చేసి చూపించవచ్చును. అర అడుగు పొడవు చెక్కపలక ఒకటి, పలక నడుమకు రవంత వెనుకగా వెదురుపుల్ల ఇరుసు, దానికి రెండు సీసా మూతల చక్రాలు. పలక ముందు అంచు నుండి ఒక పుల్ల చాచి, దాని కొసను చిన్న బొమ్మకారు వెనుక సూదితో గుచ్చండి. పలకమీద ఒక రాయిని ఇరుసుకు ముందు పెట్టి కారును బల్లమీద వేగంగా తోయండి. పలక బుద్ధిగా వెంట వస్తుంది. రాయిని ఇరుసుకు వెనక్కు జరిపి మళ్లీ తోయండి. పలక తోక ఊపుతుంది, ఊపు పెరుగుతుంది, కారు ముక్కు పక్కకు తిరుగుతుంది. తరువాత సూదిని కారు వెనుక అంచు నుండి తీసి, వెనుక ఇరుసుకు సరిగా పైన గుచ్చి, అదే రాయితో మూడవసారి తోసి చూడండి.